లీస్ ఫెర్రీలో చేపల లెక్క అడిగితే నిజం చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో హార్స్‌షూ బెండ్ గురించి వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. వెయ్యి అడుగుల కింద గుర్రపు నాడాలా మెలిక తిరిగిన కొలరాడో నదినీ, ఆ ఆకుపచ్చ నీళ్ళనూ ప్రకృతి వింత అని రాశారు. మెలిక ప్రకృతిదే. ఆకుపచ్చ రంగు మాత్రం డ్యాము వల్ల వచ్చింది. కొలరాడో అనే మాటకు స్పానిష్‌లో ఎర్రనిది అని అర్థం. ఒకప్పుడు ఆ నది మట్టితో ఎర్రగానే పారేది. అక్కడికి అయిదు మైళ్ళ ఎగువన గ్లెన్ కేనియన్ డ్యాము ఉంది. 1963లో దాని గేట్లు మూసినప్పటి నుంచి మట్టి అంతా వెనకున్న లేక్ పావెల్ అడుగున దిగిపోతోంది. కిందికి వచ్చేది తేటనీరు. మీ ఫొటోలో ఆ నీళ్ళ మీద చుక్కల్లా రెండు పడవలు కనిపిస్తున్నాయి. వాటి గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. అలాంటి పడవలో నేను చాలాసార్లు కూర్చున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆడిట్ శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం ఫీనిక్స్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా అల్లుడికి గాలం పిచ్చి. ఏడాదికి మూడు నాలుగు సార్లు తెల్లవారుజామునే కారెక్కించి, ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా నాలుగున్నర గంటలు నడిపి, నవాహో బ్రిడ్జి దాటించి లీస్ ఫెర్రీకి తీసుకెళ్తాడు. మొదట్లో అతనికి తోడుగా వెళ్ళేవాణ్ణి. తర్వాత నాకూ అలవాటైంది.

ఆ చోటు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అందదు. డ్యాము నుంచి లీస్ ఫెర్రీ దాకా నది సుమారు పదిహేను మైళ్ళు. రెండు వైపులా నిటారుగా రాతి గోడలు. పడవ దింపడానికి ఉన్న దారి ఒక్కటే, లీస్ ఫెర్రీ ర్యాంప్. అక్కడ దింపి ఎగువకు వెళ్ళాలి, మళ్ళీ అక్కడికే రావాలి. ఇంకా దిగువకు వెళ్తే గ్రాండ్ కేనియన్ మొదలవుతుంది, దానికి వేరే పర్మిట్ కావాలి. పడవ లేనివాళ్ళు ర్యాంపు దిగువన, పరియా నది వచ్చి కలిసే చోటు దాకా, ఒడ్డు నుంచే గాలం వేస్తారు.

ఈ నదిలో ట్రౌట్ చేప పుట్టుకతో లేదు. వేసవిలో వేడెక్కే బురదనీటిలో అది బతకదు. డ్యాము నిండుగా ఉంటే నీటిమట్టం సముద్రమట్టానికి 3,700 అడుగులు. కరెంటు తయారుచేసే గొట్టాలకు నీళ్ళు అందే చోటు 3,470 అడుగుల దగ్గర ఉంది. అంటే నిండు కుండలో 230 అడుగుల లోతు నుంచి నీళ్ళు తోడుతున్నట్టు. అంత లోతులో ఎండ సోకదు కాబట్టి ఏడాది పొడుగునా చల్లటి నీళ్ళే వచ్చేవి. 1964 నుంచి రెయిన్‌బో ట్రౌట్ పిల్లల్ని వదిలారు. అవి తినడానికి స్కడ్ అనే చిన్న రొయ్యలాంటి పురుగునూ తెచ్చి వేశారు. చేపలు బాగా పెరిగాయి, అక్కడే గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి, లీస్ ఫెర్రీ పేరు దేశమంతా తెలిసింది. డ్యాము కట్టిన చోట కొత్తగా పుట్టిన చేపల నది అది. మనిషి చేసిన నది కాబట్టి దాని బాగోగులు చూడాల్సిందీ మనిషే. చూడాలంటే ముందు లెక్క కావాలి.

లెక్క కోసమే అక్కడ క్రీల్ సర్వే చేస్తారు. క్రీల్ అంటే గాలం వేసేవాళ్ళు భుజానికి తగిలించుకునే చేపల బుట్ట. ఒకప్పుడు ఆ బుట్టలో తొంగిచూసి ఎన్ని చేపలున్నాయో రాసుకునేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు లీస్ ఫెర్రీకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బుట్ట తేనే తేరు. పట్టిన చేపను చేత్తో జాగ్రత్తగా విడిపించి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. గాలానికి వెనకముల్లు ఉండకూడదని అక్కడ రూలు, విడిపించడం తేలిక అవుతుందని. అందుకని బుట్ట చూస్తే సరిపోదు, మనిషిని అడగాలి. ఆరిజోనా గేమ్ అండ్ ఫిష్ శాఖ ఈ సర్వే దశాబ్దాలుగా చేస్తోంది.

ఇక మేము చేసిన తప్పు.

మొదటిసారి జరిగింది ఒక చలికాలపు సాయంత్రం. రోజంతా తిరిగినా ఒక్క చేప పడలేదు. ర్యాంపు దగ్గర ఒక అమ్మాయి చేతిలో అట్ట, పెన్సిలు పట్టుకుని వచ్చే పడవల వాళ్ళను ఒక్కొక్కరినే పలకరిస్తోంది. మా వంతు రాబోతుంటే మా అల్లుడు "మనకేం పడలేదు కదా మావయ్య గారూ, మనల్ని అడగడానికేముంది" అని గబగబా ట్రెయిలర్ తగిలించేశాడు. నేనూ సరేనన్నాను. చలిగా ఉంది, ఇంటికి దూరం. ఆ అమ్మాయి చెయ్యి ఎత్తింది. మేము కూడా చెయ్యి ఊపి వెళ్ళిపోయాం.

రెండోసారి అడిగించుకున్నాం. ఎంతమంది వచ్చారు, గాలం ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు, ఏ రకం చేపలు ఎన్ని పట్టారు, ఎన్ని వదిలారు, ఎన్ని తీసుకెళ్తున్నారు అని ఆమె అడిగింది. మా అల్లుడు ఆ రోజు పట్టింది రెండు. ఆరు అన్నాడు. పొద్దున ఏడింటి నుంచి మూడింటి దాకా గాలం వేశామన్నాడు. అందులో గంట సేపు ఒడ్డున కూర్చుని తిన్నాం. ఇంకో గంటన్నర పాత కాలం వాళ్ళు రాతి గోడ మీద గొర్రెల బొమ్మలు చెక్కిన చోటు చూడ్డానికి వెళ్ళాం. అవేవీ చెప్పలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నోరు మెదపలేదు. కారెక్కాక ఎందుకలా చెప్పావని అడిగితే, "ముందు పడవ వాళ్ళు పదిహేను అన్నారు కదండీ. మనం రెండంటే ఏం బాగుంటుంది?" అన్నాడు. అతను అబద్ధాలాడే మనిషి కాడు. ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఒక్క రూపాయి, ఒక్క డాలరు లెక్క తప్పడు. చేపల దగ్గరికి వచ్చేసరికి అది లెక్క అనే అనిపించలేదు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు ఇతరుల పుస్తకాల్లో తప్పుడు పద్దులు పట్టుకోవడమే నా పని. నా ఎదుటే ఒక తప్పుడు పద్దు రాయిస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. ఆ సర్వే ఎలా చేస్తారో తెలుసుకోవాలనిపించి, తర్వాతి ప్రయాణంలో సర్వేకు వచ్చిన వాళ్ళనే అడిగాను. ఓపిగ్గా చెప్పారు. ఇంటికి వచ్చి కాగితం మీద నేనే వేసి చూసుకున్నాను. ఆ లెక్క మీ పాఠకుల ముందు పెడతాను. అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవి, పద్ధతి మాత్రం నిజం.

నదికి వచ్చిన ప్రతి మనిషినీ ఏడాదంతా లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. అందుకని కొన్ని రోజుల్ని లాటరీ తీసినట్టు ఎంచుకుంటారు. శని, ఆదివారాలు ఒక గుంపు, మిగతా రోజులు ఇంకో గుంపు. రెండింటిలోనూ వచ్చే జనం వేరు కాబట్టి కలిపేస్తే లెక్క చెడుతుంది. ఎంచుకున్న రోజున వేళలు కూడా లాటరీ ప్రకారమే. ఆ వేళల్లో నది మీద ఎంతమంది గాలం వేస్తున్నారో ఒక్కసారిగా లెక్కపెడతారు. ఒక రోజు నాలుగు సార్లు చూస్తే 10, 16, 14, 8 మంది కనిపించారనుకుందాం. సగటు 12. పొద్దు పన్నెండు గంటలు. అంటే ఆ రోజు నది మీద 144 గాలం గంటలు గడిచాయి. ఎంత శ్రమ పడ్డారన్నదానికి కొలత ఇదే. నది మీద మనిషి ఉన్న గంటలు కావు, గాలం నీళ్ళలో ఉన్న గంటలు. ఒడ్డున కూర్చుని తిన్న గంటను అందుకే తీసెయ్యాలి.

రెండోది ర్యాంపు దగ్గర అడిగేది. 20 మందిని అడిగితే వాళ్ళందరూ కలిసి 80 గంటలు గాలం వేసి 40 చేపలు పట్టారనుకుందాం. గంటకు అర చేప. 144 గంటలకు 72 చేపలు. ఆ రోజు పట్టుబడి అంతే.

ఇప్పుడు మా మొదటి తప్పు వేసి చూడండి. ఆ 20 మందిలో అయిదుగురికి ఏమీ పడలేదు, "మనల్ని అడగడానికేముంది" అని వెళ్ళిపోయారు. వాళ్ళ 18 గంటలు కూడా వాళ్ళతోనే పోయాయి. మిగిలింది 62 గంటలు, చేపలు మాత్రం అవే 40. గంటకు దాదాపు 0.65. దాన్ని 144తో గుణిస్తే 93 చేపలు. నదిలో లేని 21 చేపలు కాగితం మీదికి వచ్చాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయిదుగురు చెయ్యి ఊపి వెళ్ళారంతే.

రెండో తప్పు. 20 మందీ ఆగారు, కానీ ఒకరు రెండుకు బదులు ఆరు అన్నారు. 40 కాస్తా 44 అయింది. గంటకు 0.55, రోజుకు 79. నాలుగు అబద్ధపు చేపలు ఏడయ్యాయి. నెలలో ఉన్న ఎనిమిది వారాంతపు రోజుల్లో నాలుగు రోజులే సర్వే చేశారనుకుంటే, నెల లెక్క కట్టేటప్పుడు అవి పద్నాలుగవుతాయి. మా అల్లుడు ఆ రోజు మాట వరసకు చెప్పిన నాలుగు చేపలు ఇలా పిల్లలు పెట్టాయి. అతనికి ఈ కాగితం చూపించాను. చాలాసేపు చూసి, "ఇంత ఉందని తెలీదండీ" అన్నాడు. నాకూ తెలీదు.

మా ఆఫీసుల్లో నిల్ రిపోర్టు అని ఒకటి ఉంటుంది. పాఠకుల్లో ఉద్యోగాలు చేసినవాళ్ళకు తెలుసు. ఈ నెల ఏమీ జరగలేదని రాసి పంపే కాగితం. ఏమీ లేదు కదా అని పంపకపోతే పైనుంచి మెమో వచ్చేది. కుర్రతనంలో నాకది చాదస్తంలా అనిపించేది. కాగితం రాకపోతే, ఏమీ జరగలేదా, జరిగింది దాచారా, అసలు ఆఫీసు తెరవలేదా అన్నది పైవాళ్ళకు తెలియదు. తెలియకపోవడం, సున్నా ఒకటి కావు. నది దగ్గర కూడా అంతే. ఏమీ పట్టని మనిషి సర్వేకు అక్కర్లేదనుకుంటాడు, కానీ అతని దగ్గరే సున్నా ఉంది. ఆ సున్నా ఇంకెవరూ ఇవ్వలేరు.

సర్వే చేసేవాళ్ళు ఇంకో ఇబ్బంది చెప్పారు, అది నాకు చాలా నచ్చింది. ఒడ్డు వెంబడి నడుస్తూ అడిగితే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్న మనిషే ఎక్కువగా తగులుతాడు. గంట సేపు వేసి వెళ్ళిపోయినవాడు తగలడు. బస్టాండులో ఎప్పుడు చూసినా ఎక్కువసేపు ఎదురుచూసేవాళ్ళే కనిపించినట్టు. పైగా అప్పటికి వాళ్ళ వేట సగంలోనే ఉంటుంది, ఇంకా ఎన్ని పడతాయో తెలియదు. అందుకని అలా అడిగిన జవాబులను వేరే రకంగా సగటు కడతారు, అప్పుడే గాలం వేసిన వాళ్ళవి పక్కన పెడతారు. పడవల వాళ్ళతో ఈ తలనొప్పి లేదు. ఒక్కటే ర్యాంపు, అందరూ అక్కడే దిగాలి, ఎంతసేపు ఉన్నా ఒక్కసారే దాటాలి, వేట ముగించి వస్తారు. దేశంలో చాలా నదులకు లేని సదుపాయం ఇది. ఇంత మంచి చోట కూడా మనం తప్పించుకుని పోతే ఇంకేం చెయ్యాలి?

డ్యాము కింద ఉన్న నదికి ఇంకో చిక్కుంది. మన పాఠకులకు క్యూసెక్కులు కొత్త కాదు కాబట్టి చెప్తాను. గ్లెన్ కేనియన్ డ్యాములో ఎనిమిది టర్బైన్లు, సామర్థ్యం 1,320 మెగావాట్లు. కరెంటు అవసరాన్ని బట్టి నీళ్ళు పెంచుతారు, తగ్గిస్తారు. 1990ల ముందు ఒకే రోజులో వెయ్యి క్యూసెక్కుల దగ్గర్నుంచి దాదాపు ముప్పై వేల దాకా ఎక్కించి దించేవాళ్ళు. చేపలు పెట్టిన గుడ్లు పొద్దున నీళ్ళలో, రాత్రి ఒడ్డు మీద. 1992లో గ్రాండ్ కేనియన్ రక్షణ చట్టం వచ్చింది. ఆ తర్వాత ఖరారైన నియమాల ప్రకారం పగలు 8,000కు, రాత్రి 5,000కు తగ్గకూడదు, మామూలు రోజుల్లో 25,000 దాటకూడదు, ఒక రోజులో పెంచే తగ్గించే తేడాకు కూడా హద్దు ఉంది. అయినా నీళ్ళు కదులుతూనే ఉంటాయి. 8,000 దగ్గర గులకరాళ్ళ మెరకలు బయటపడి, మోకాలి లోతులో నిలబడి గాలం వేసుకోవచ్చు. 18,000 అయితే ఆ మెరక కనిపించదు. మనుషులు ఒకచోటి నుంచి లేచి ఇంకోచోటికి పోతారు, కొందరు ఇంటికే పోతారు. అందుకే ఒకే వేళకు వెళ్ళి లెక్కపెడితే ఆ నది అబద్ధం చెప్తుంది. లాటరీ వేళలు అందుకే.

నీళ్ళు ఎలా వదలాలన్న నిర్ణయాలకు కూడా ఈ లెక్కే కావాలి. 2018 వేసవిలో శని ఆదివారాలు నీళ్ళను తగ్గించి, పెంచకుండా తగ్గించకుండా ఒకే మట్టంలో ఉంచారు. పురుగులు నీటి అంచున గుడ్లు పెడతాయి. మట్టం దిగితే గుడ్లు ఎండిపోతాయి. రెండు రోజులు నిలకడగా ఉంచితే పురుగులు పెరుగుతాయి, వాటిని తిని చేపలు పెరుగుతాయి అని ఆశ. తర్వాతి రెండేళ్ళూ అలాగే చేశారు. పురుగుల్ని వలలో పట్టి లెక్కపెట్టొచ్చు. కానీ ఆ వారాంతాల్లో గాలం వేసినవాళ్ళకు మేలు జరిగిందా అన్నది గాలం వేసినవాళ్ళే చెప్పాలి. వాళ్ళు రెండుకు ఆరంటే, పని చెయ్యని ప్రయోగం పని చేసినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ నది మామూలు పరిస్థితిలో లేదు. నాకు అసలు బాధ అక్కడే. కరువు వల్ల లేక్ పావెల్ ఏటేటా దిగింది. 2023 ఫిబ్రవరికి 3,520 అడుగుల దగ్గరికి వచ్చింది. గొట్టాలున్నది 3,470 దగ్గర. ఒకప్పుడు 230 అడుగుల లోతు నుంచి వచ్చిన నీళ్ళు అప్పటికి యాభై అడుగుల లోతు నుంచి వచ్చాయన్నమాట. అది ఎండకు కాగిన నీరు. చల్లదనం తగ్గింది, వెచ్చటి నీళ్ళలో ఆక్సిజన్ కూడా తక్కువ నిలుస్తుంది, ట్రౌట్‌కు అది ఊపిరాడని సంగతి. పై నీళ్ళతో పాటు రిజర్వాయరులో ఉన్న స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కూడా టర్బైన్లు దాటి కిందికి వచ్చింది. 2022 వేసవిలో లీస్ ఫెర్రీకి ఎగువన ఒక పక్కమడుగులో దాని పిల్లలు దొరికాయి. అంటే అక్కడే గుడ్లు పెట్టిందని అర్థం. అది కనిపించిన చిన్న చేపనల్లా మింగే రకం. దిగువన లిటిల్ కొలరాడో వచ్చి కలిసే చోట హంప్‌బ్యాక్ చబ్ అనే చేప ఉంది. వీపు మీద మూపురంతో ఈ నదిలోనే పుట్టి పెరిగిన పాత కాపు అది. డ్యాములు వచ్చాక నలిగిపోయి, అంతరించిపోయే జాబితాలో ఏళ్ళ తరబడి ఉండి, 2021లోనే కాస్త తేరుకుందని ఒక మెట్టు దించారు. ఇప్పుడు దానికి మళ్ళీ గండం. 2024 వేసవిలో నదిని చల్లబరచడానికి కరెంటు తయారవ్వని లోతు గొట్టాల్లోంచి నీళ్ళు వదిలారు. అంత కరెంటు వదులుకుని చేసిన పని అది.

దీనికి తోడు బ్రౌన్ ట్రౌట్. అది యూరప్ చేప, పెద్దదయ్యాక చేపల్నే తింటుంది. పదేళ్ళుగా లీస్ ఫెర్రీ దగ్గర పెరుగుతూ వచ్చింది. 2020 నవంబరులో నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళు ఆరంగుళాలు దాటిన బ్రౌన్ ట్రౌట్ ఒక్కదానికి 25 డాలర్లు ఇస్తామన్నారు. చేపను మనం తినొచ్చు, తలా పేగులూ మాత్రం వాళ్ళకివ్వాలన్నారు. ఎందుకిలా డబ్బులిచ్చి పట్టించడం, వాళ్ళే పట్టి చంపొచ్చు కదా అని మా అల్లుడు అడిగాడు. 2003 నుంచి నాలుగేళ్ళపాటు లిటిల్ కొలరాడో కలిసే చోట ట్రౌట్‌ను అలా కరెంటు పెట్టి పట్టి తీసేశారు. ఆ చోటు జూనీ అనే అమెరికా ఆదివాసీ తెగ వారికి పవిత్రమైంది. అక్కడ అన్ని ప్రాణాలు తీయడం వాళ్ళు భరించలేకపోయారు, అభ్యంతరం చెప్పారు. వాళ్ళ మాట నాకు సబబుగా తోచింది. పట్టిన చేప ఎవరో ఒకరి ఇంట్లో కూర అయితే ఆ ప్రాణానికి ఒక అర్థం ఉంటుంది.

ఇక్కడ కూడా మళ్ళీ లెక్క దగ్గరికే వస్తాం. ఒక ఏడాది 200 తలలు వచ్చాయి, తర్వాతి ఏడాది 100 వచ్చాయి అనుకోండి. బ్రౌన్ ట్రౌట్ సగానికి తగ్గిందా? గాలం వేసేవాళ్ళు సగానికి తగ్గారా? తలలు లెక్కపెడితే ఆ సంగతి తెలియదు. ఆ ఏడాది నది మీద ఎన్ని గాలం గంటలు గడిచాయో తెలిస్తేనే తెలుస్తుంది. మనుషులే రావడం మానేస్తే, చేప తగ్గిందని సంతోషించి పథకం ఆపేసే ప్రమాదం ఉంది. పట్టిన చేపల పద్దు ఒక్కటే ఉండి, పడ్డ శ్రమ పద్దు లేకపోతే, జమ రాసి ఖర్చు రాయని చిట్టాలాంటిది. దాని మీద నేనైతే సంతకం పెట్టను.

రెయిన్‌బో ట్రౌట్ విషయంలో ఇది ఇంకా సూటిగా తగులుతుంది. చేప తగ్గితే పెంపకం చేపల్ని తెచ్చి వదలాలా, మనిషికి ఇన్ని అనే హద్దు మార్చాలా అన్నవి గంటకు ఎన్ని పడుతున్నాయన్న అంకె చూసి తేల్చేవి. ర్యాంపు దగ్గర అందరూ ఎక్కువ చెప్తే కాగితం మీద నది కళకళలాడుతుంది. చేప తగ్గిపోతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. తర్వాత "చేపలే లేవు, ఎవరూ పట్టించుకోరు" అని తిట్టుకునేది కూడా మనమే.

ఇక మన తెలుగువాళ్ళ గురించి. ఫీనిక్స్ నుంచీ వేగస్ నుంచీ ఇప్పుడు చాలా కుటుంబాలు అటు వెళ్తున్నాయి. హార్స్‌షూ బెండ్ చూసి, పిల్లలు సరదా పడితే లైసెన్సు తీసుకుని లీస్ ఫెర్రీ ఒడ్డున గాలం వేస్తారు. వాళ్ళలో కొందరు సర్వే మనిషిని చూడగానే దూరంగా జరగడం నేను కళ్ళారా చూశాను. ఒకసారి ఒక పెద్దాయన, కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చినాయన, నా చెయ్యి పట్టుకుని "పోలీసాండీ? ఏమన్నా రాసుకుంటే పిల్లాడికి ఇబ్బందా?" అని అడిగాడు. పాపం మొహం పాలిపోయి ఉంది. ఆయన తప్పేం లేదు. యూనిఫామూ బ్యాడ్జీ ఉన్న మనిషి చేతిలో అట్ట చూస్తే కొత్త దేశంలో ఎవరికైనా టెన్షనే. నన్ను అడిగినప్పుడల్లా నా పేరు అడగలేదు, వీసా అడగలేదు, లైసెన్సు కూడా అడగలేదు. లైసెన్సు చూసేది వేరే అధికారులు. అడిగింది గంటలు, చేపలు. రెండు నిమిషాల పని. ఆ పెద్దాయనను వెంటబెట్టుకుని వెళ్ళి పక్కన నిలబడి జవాబులు చెప్పించాను. మనవడితో కలిసి గంటన్నర వేశాడు, ఏమీ పడలేదు. ఆ అమ్మాయి ఒక గడిలో సున్నా వేసి, ఎంతో మర్యాదగా థాంక్స్ చెప్పింది. ఆయన నా వైపు తిరిగి "సున్నాకి కూడా థాంక్స్ చెప్పిందే" అన్నాడు.

చెప్పేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కూడా రాస్తాను, అక్కడ నిలబడితే కంగారులో తోచదు కాబట్టి. గాలం నీళ్ళలో ఉన్న సమయం చెప్పండి, తిండీ ఫొటోలూ తీసెయ్యండి. పట్టి వదిలినవి వేరు, ఇంటికి తీసుకెళ్ళేవి వేరు. గాలానికి తగిలి ఒడ్డుకు రాకుండా జారిపోయింది పట్టినట్టు కాదు. ఎన్నో సరిగ్గా గుర్తు లేకపోతే పదీ పదిహేనూ అని గుండ్రంగా చెప్పకండి, గుర్తు లేదని చెప్పండి. నేను జేబులో చిన్న కాగితం పెట్టుకుని చేప పడ్డప్పుడల్లా గీత గీస్తున్నాను. రెయిన్‌బోనో బ్రౌనో తేల్చుకోలేకపోతే ఫొటో తీసి ఉంచి వాళ్ళకే చూపించండి. రెయిన్‌బోకు పక్కన గులాబీ పట్టీ ఉంటుంది, బ్రౌన్‌కు లేత అంచులున్న ఎర్ర చుక్కలుంటాయి.

సంపాదక మహాశయా, మీకు ఒక విన్నపం. ఈసారి మీ అనుబంధంలో ఆ ప్రాంతం గురించి వ్యాసం వేస్తే, పార్కింగు ఎక్కడ, ఏ టైముకి వెళ్తే ఎండ బాగుంటుంది అని ఇచ్చే పెట్టెలో ఇంకో రెండు లైన్లు చేర్చండి. చేపల సర్వే వాళ్ళు పలకరిస్తే ఆగమనీ, ఏమీ పడకపోతే ఏమీ పడలేదనే చెప్పమనీ. మీ పత్రిక ఇక్కడి ఇళ్ళల్లో ఫోన్లలో పొద్దున్నే చదువుతారు. మీరు వేస్తే పది మందికి చేరుతుంది, నేను ర్యాంపు దగ్గర నిలబడి చెప్తే ఒకరిద్దరికే.

మేము కిందటి నెల వెళ్ళాం. నీళ్ళు పొద్దున తక్కువగానే ఉన్నాయి, పది దాటాక ఎక్కాయి. ర్యాంపు దగ్గర మా అల్లుడు తనే ముందుగా ఆమె దగ్గరికి నడిచాడు. ఇద్దరం, ఒక్కొక్కరం నాలుగున్నర గంటలు, రెయిన్‌బో ఒకటి పట్టి వదిలేశాం, బ్రౌన్ లేదు అని చెప్పాడు. తర్వాత కాసేపు ఆగి, ఇంకోసారి ఇక్కడే ఆరు చేపలని తప్పు చెప్పానని, అది రెండేనని, ఆ తేదీ ఫోన్లో వెతికి ఇచ్చాడు. ఆమె ఆ తేదీ కూడా కాగితం అంచున రాసుకుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆడిట్ ఉద్యోగి,
ఫీనిక్స్, ఆరిజోనా